సాహిత్య సందేహాలు: బలి చేయి, గబ్బిలం సందేశం, కమలిని గాజులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం బడిలోనూ కళాశాలలోనూ తెలుగు చదువుతున్న పిల్లలు, వారికి పాఠం చెప్పే ఉపాధ్యాయులు రాసినవే. అడిగిన తీరు వేరైనా ఇబ్బంది మాత్రం రెండు చోట్లనే కనిపించింది. పద్యంలోని పదచిత్రాన్ని ఎలా చూడాలో కొందరికి తెలియడం లేదు. పాత్ర స్వభావాన్ని ఎక్కడ పట్టుకోవాలో మరికొందరికి అంతుపట్టడం లేదు. పరీక్షపత్రంలో ఇవి రెండు వేరువేరు ప్రశ్నలుగా వస్తాయి కాబట్టి పిల్లలు వీటిని వేరువేరు విషయాలనుకుంటున్నారు. నా దృష్టిలో ఇవి ఒకే తలుపుకు రెండు రెక్కలు. ఆరు ఉత్తరాలను ఎంచుకొని ఆ సంగతే వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. నేను పదో తరగతి చదువుతున్నాను. పోతన గారి "రవిబింబం బుపమింప" పద్యం నాకు కంఠతా వచ్చు. ప్రతిపదార్థం కూడా తప్పు లేకుండా రాస్తాను. కానీ "ఈ పద్యంలోని పదచిత్రాన్ని నీ సొంతమాటల్లో వర్ణించు" అని మా టీచరు అడిగితే నాకు ఏమీ తోచలేదు. ప్రతిపదార్థాన్నే వరుసగా చెబితే అది వర్ణన కాదన్నారు. అర్థం తెలిసిన తరువాత పద్యంలో ఇంకా మిగిలేది ఏమిటి?
– విద్యార్థిని, జనగామ జిల్లా

జవాబు: తల్లీ, పద్యం అర్థం కావడం ఒకటి, పద్యం కళ్లకు కట్టడం ఇంకొకటి. మొదటి మెట్టు నువ్వు సక్రమంగానే ఎక్కావు. రెండో మెట్టు ఎక్కడానికి, పద్యం చదవడం పూర్తి కాగానే రెండు సంగతులు విచారించాలి. ఇందులో కదులుతున్నది ఏది, కదలకుండా ఉన్నది ఏది? ఈ దృశ్యాన్ని మనం ఎక్కడ నిలబడి చూస్తున్నాం? ముందుగా పద్యాన్ని మరొక్కసారి చదువుకుందాం.

రవిబింబం బుపమింపఁ బాత్రమగు ఛత్రంబై శిరోరత్నమై
శ్రవణాలంకృతియై గళాభరణమై సౌవర్ణకేయూరమై
ఛవిమత్కంకణమై కటిస్థలి నుదంచద్ఘంటయై నూపుర
ప్రవరంబై పదపీఠమై వటుఁడు దా బ్రహ్మాండమున్ నిండుచోన్

మూడడుగుల నేల దానం పట్టిన వామనుడు బ్రహ్మాండమంతా నిండిపోతున్న ఘట్టమిది. అయితే ఆయన ఎంత ఎత్తు పెరిగాడో పోతన ఈ పద్యంలో ఎక్కడా చెప్పలేదు. చెప్పినదంతా సూర్యుణ్ణి గురించే. ఆ సూర్యబింబం మొదట తలకు పైన గొడుగులాగా ఉంది. తరువాత తలమీది రత్నమైంది, చెవికి ఆభరణమైంది, మెడలో హారమైంది, బాహువుకు బంగారు భుజకీర్తి అయింది, చేతికి కంకణమైంది, నడుముకు గంట అయింది, కాలికి అందె అయింది, చివరికి పాదాల కింద పీట అయింది. పైపైన చదివినవారికి సూర్యుడు కిందికి దిగుతున్నట్టు తోస్తుంది. నిజానికి సూర్యుడు ఉన్నచోటనే ఉన్నాడు. మన చూపు ఆ బింబం దగ్గరే నిలిచి ఉండగా, వామనుడి తల, చెవులు, మెడ, భుజాలు, నడుము ఒక్కొక్కటిగా మన చూపును దాటి పైకి వెళ్లిపోతున్నాయి. పెరిగే వస్తువును కొలవకుండా, పెరగని వస్తువును గుర్తుగా నిలిపి, పెరుగుదలనంతా మన కంటికే వదిలిపెట్టడం ఈ పద్యంలోని నేర్పు.

ఇది మాటలతో బోధపడకపోతే చిన్న పని ఒకటి చెయ్యి. గోడ పక్కన గొంతుక్కూర్చొని, నీ తలకు జానెడు పైన గోడకు ఒక బొట్టుబిళ్ల అంటించు. తమ్ముడినో చెల్లెలినో ఎదురుగా కూర్చోబెట్టి ఆ బిళ్లనే చూస్తుండమని చెప్పి, మెల్లగా పైకి లే. బొట్టుబిళ్ల నీ తలపైనుంచి చెవి పక్కకు, అక్కడినుంచి భుజానికి, ఆ తరువాత మోచేతి దాకా దిగినట్టు వాళ్లు చెబుతారు. నేను తరగతిలో ఈ పని చేయించిన ప్రతిసారీ వెనక బెంచీలలోని పిల్లలు కూడా లేచి వచ్చి చూసేవారు. ఆ తరువాత ఆ పద్యాన్ని వాళ్లకు మళ్లీ వివరించవలసిన అవసరం రాలేదు.

ఇంకొక సంగతి కూడా గమనించు. వామనుడు బలి యజ్ఞశాలకు వచ్చినప్పుడు అతని చేతిలో ఉన్నవి గొడుగు, దండం, కమండలం. పద్యంలోని వరుస ఆ బ్రహ్మచారికి తగిన గొడుగుతోనే మొదలైంది. తరువాత వచ్చినవన్నీ భుజకీర్తులు, కంకణాలు, అందెలు, పాదపీఠం. అవి బ్రహ్మచారికి ఉండేవి కావు, ప్రభువుకు ఉండేవి. అంటే దేహం పెరగడంతో పాటు, వచ్చినవాడు ఎవరన్న సంగతి కూడా నగ నగకూ బయటపడుతున్నది. పదచిత్రాన్ని వర్ణించమన్న ప్రశ్నకు నువ్వు చెప్పవలసినది ఇదే. ఏ వస్తువు దేనిలాగా ఉందో చెప్పి ఆగిపోకుండా, ఆ వరుస ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, ఆ మధ్యలో నీకు ఏమి కనిపించిందో రాయాలి. పోతన స్వగ్రామంగా చెప్పుకొనే బమ్మెర మీ జిల్లాలోనే ఉంది కాబట్టి, వీలైతే ఒకసారి ఆ ఊరు వెళ్లి అక్కడ ఈ పద్యాన్ని పైకి చదువు.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుణ్ణి. బలిచక్రవర్తి పాత్ర స్వభావాన్ని రాయమని అడిగితే నలభై మంది పిల్లలూ ఒకే జవాబు రాశారు. "బలి సత్యసంధుడు, దానశీలి, ధైర్యవంతుడు, వినయశీలి." తప్పని కొట్టివేయలేను, సరైనదని సంతోషించనూ లేను. వీరిని గైడు భాష నుంచి బయటికి తెచ్చేదెలా?
– ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

జవాబు: మాస్టారూ, మీ అసంతృప్తి న్యాయమైనది. ఆ నాలుగు విశేషణాలూ తీర్పులే తప్ప సాక్ష్యాలు కావు. బలి స్థానంలో హరిశ్చంద్రుడినో శిబినో పెట్టినా ఆ జవాబు అలాగే చెల్లిపోతుంది. ఎవరికైనా సరిపోయే జవాబు ఎవరిని గురించీ చెప్పినట్టు కాదు. కాబట్టి విశేషణాలను పక్కన పెట్టించి, పాత్ర పలికిన ఒక్క మాటను పిల్లల ముందు ఉంచండి. ఆ మాట ఎవరితో అన్నాడు, అంతకు ముందు ఎదుటివారు ఏమన్నారు, అదే సంగతిని ఇంకోలా కూడా అనగలిగి ఉండి ఇలాగే ఎందుకు అన్నాడు అని అడగండి.

బలి మాట్లాడుతున్నది తన గురువు శుక్రాచార్యుడితో. వచ్చినవాడు విష్ణువని గురువు హెచ్చరించాడు. ప్రాణానికీ విత్తానికీ మానానికీ భంగం కలిగే సమయాలలో అబద్ధమాడినా పాపం లేదని ధర్మసూక్ష్మం కూడా చెప్పాడు. అంటే తప్పించుకొనే దారిని గురువే తెరిచిపెట్టాడు. అప్పుడు బలి విష్ణువు చేతిని తలచుకుంటాడు. లక్ష్మీదేవి కొప్పుపైన, ఆమె ఉత్తరీయంపైన, పాదపద్మాలపైన మర్యాద పొందిన ఆ చేయి ఇప్పుడు కిందికి వచ్చింది.

"...కరంబు గ్రిందగుట మీఁదై నా కరంబుంట మేల్
గాదే! రాజ్యము గీజ్యమున్ సతతమే? కాయంబు నాపాయమే?"

ఇక్కడ పిల్లల చేత ఒక దృశ్యాన్ని చూపించండి. వాకిట్లో ఒకరు బియ్యం పోస్తుంటే ఇంకొకరు జోలె పట్టిన దృశ్యం. పోసే చేయి పైన ఉంటుంది, పట్టే చేయి కింద ఉంటుంది. మన భాషలో "పైచేయి" అన్న మాటకు ఉన్న అర్థం కూడా వారికి గుర్తుచేయండి. లోకాలన్నీ ఏలే చేతికంటే తన చేయి ఒక్క క్షణమైనా పైన ఉండడం మేలు కాదా అని బలి అడుగుతున్నాడు. ఇది వినయమా? దానం చేసేవాడి ఆనందమా? దేవుడినే యాచకుడిగా నిలబెట్టుకున్న చక్రవర్తి గర్వమా? దీనికి ముందున్న "కారే రాజులు" పద్యంలో శిబి మొదలైనవారు యశఃకాములై దానాలు చేశారనీ, లోకం వారిని నేటికీ మరచిపోలేదనీ బలే స్వయంగా అన్నాడు. కీర్తి మీద మక్కువను అతడు దాచుకోలేదు. "వినయశీలి" అన్న విశేషణం ఈ రెండు పద్యాల ముందు అంత సులభంగా నిలబడదు.

ఈ సందర్భంలో నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా తరగతిలోని ఒక పిల్లవాడు, "బలికి రాజ్యం పోవడం కంటే దేవుడి మీద పైచేయి కావడమే ముఖ్యం" అని రాశాడు. గైడులో లేని మాట, పైగా భక్తికి విరుద్ధమైన మాట అనుకొని మార్కులు తగ్గించాను. ఆ పిల్లవాడు మళ్లీ ఎన్నడూ సొంతంగా ఒక్క వాక్యం రాయలేదు. పద్యంలోని మాటను నలభై మందిలో అతడొక్కడే విన్నాడని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు. అందుకే మీ వంటివారు ఉత్తరం రాసినప్పుడు ఇంత వివరంగా జవాబు చెప్పాలనిపిస్తుంది.

"గీజ్యము" అన్న మాట దగ్గర కూడా తప్పకుండా ఆగండి. కాఫీ గీఫీ, పెళ్లి గిళ్లి అని మనం ఇంట్లో అనుకొనే తీరు అది. ఒక వస్తువుకు పెద్ద విలువ లేదని తీసిపారేసేటప్పుడే అలా అంటాం. మూడు లోకాల రాజ్యాన్ని బలి ఆ ఒక్క మాటతో పక్కకు నెట్టాడు. దానశీలం గురించి ఒక పేజీ రాసినా ఆ "గీజ్యము" చెప్పినంత చెప్పలేం.

ఆ తరువాత మూడో అడుగు పెట్టే వేళకు పిల్లలను మళ్లీ ఈ చేతి దగ్గరికే తీసుకురండి. రెండడుగులతో అంతా కొలిచిన వామనుడు మూడో అడుగుకు చోటు అడిగినప్పుడు, దాన్ని తన శిరస్సుపైన పెట్టమని బలి అంటాడు. చేయి పైన ఉండాలని కోరినవాడే పాదం కింద తల పెట్టాడు. ఆ చేతికీ ఈ తలకూ మధ్య బలి మారాడా, లేక ఆడిన మాట నిలబెట్టుకోవడంలో మొదటినుంచీ ఒకే మనిషిగా ఉన్నాడా అని అడిగి, ఇరువైపులా వాదించనివ్వండి. నా అభిప్రాయంలో మారాడు. మీ పిల్లలు పద్యాల ఆధారంతో కాదని నిరూపిస్తే వారికీ పూర్తి మార్కులు వేయవలసిందే. మన వాచకాలలో "అవగాహన – ప్రతిస్పందన" అన్న శీర్షిక పెట్టిన ఉద్దేశం కూడా ఇదే కదా.

ప్రశ్న: నేను ఇంటర్మీడియట్ విద్యార్థిని. మా అధ్యాపకులు జాషువా "గబ్బిలం" గురించి చెబుతూ, సందేశం పంపడానికి గబ్బిలాన్నే ఎందుకు ఎంచుకున్నారన్న ఒక్క విషయం మీద గంటసేపు మాట్లాడారు. విన్నంతసేపూ బాగుంది గానీ, కవి నిజంగా అంత ఆలోచించి రాశారా, మనమే లేనిపోని అర్థాలు కల్పిస్తున్నామా అన్న అనుమానం మిగిలిపోయింది.
– విద్యార్థి, గుంటూరు

జవాబు: నాయనా, ఈ అనుమానం రావడం మంచిదే. అర్థాలను కల్పించేవారు కూడా ఉన్నారు కాబట్టి పరీక్షించి చూడడం నేర్చుకోవాలి. అందుకు నేను పాటించే పద్ధతి ఒకటుంది. కవి వాడిన ఉపమానాన్నో ప్రతీకనో తీసివేసి, ఆ స్థానంలో ఇంకొకదాన్ని పెట్టి చూడాలి. కావ్యానికి ఏ నష్టమూ జరగకపోతే అది అలంకారం కోసం వచ్చినది. కావ్యం కూలిపోతే అది ప్రాణం.

కాళిదాసు "మేఘసందేశం"లో ప్రియురాలికి దూరమైన యక్షుడు మేఘంతో కబురు పంపుతాడు. జాషువా 1941లో "గబ్బిలం" వెలువరించినప్పుడు ఆ సందేశకావ్య మార్గాన్నే తీసుకొని, కబురు పంపేవాణ్ణి, తీసుకువెళ్లేదాన్ని, కబురులోని విషయాన్ని కూడా మార్చివేశారు. ఇక్కడ కబురు పంపేవాడు అంటరానివాడని లోకం వెలివేసిన పేదవాడు. అతడి కబురు విరహం కాదు, ఆకలీ అవమానమూ. అది చేరవలసినది కాశీలోని విశ్వనాథుడికి. ఇప్పుడు గబ్బిలాన్ని తీసివేసి మేఘాన్ని పెట్టి చూడు. మేఘం గుడి లోపలికి పోలేదు. హంసను పెడితే అది కొలను దాకా, చిలకను పెడితే అది అంతఃపురం దాకా. గర్భగుడి చీకటిలో, ఎవరి అనుమతీ లేకుండా నివసించే ప్రాణి గబ్బిలమొక్కటే. తనను రానివ్వని చోటికి స్వేచ్ఛగా పోగలిగిన ప్రాణినే ఆ మనిషి వెతుక్కోవలసి వచ్చింది. ఆ తరువాత ఈ పద్యం చదువు.

ఆలయంబున నీవు వ్రేలాడువేళ
శివుని చెవి నీకుఁ గొంత చేరువుగ నుండు
మౌని ఖగరాజ్ఞి! పూజారి లేనివేళ
విన్నవింపుము నాదు జీవిత చరిత్ర

"వ్రేలాడువేళ" అన్న మాట చూడు. గబ్బిలం తలకిందులుగా వేలాడుతుంది. పక్షులు కొమ్మ మీదనో గోడ మీదనో వాలితే వాటి నోరు పైన ఉంటుంది. కప్పుకు వేలాడే గబ్బిలం నోరు కిందికి, అంటే శివుడి వైపుకు ఉంటుంది. లోకం అపశకునమని అసహ్యించుకొనే ఆ భంగిమే ఇక్కడ అర్హతగా మారింది. కవి "చేరువ" అని ఊరుకోలేదు, "కొంత చేరువుగ" అన్నాడు. పూర్తిగా దగ్గర అనుకొనే ధైర్యం ఆ మనిషికి లేదు. జీవితంలో ఏదీ పూర్తిగా దగ్గరకాని మనిషి నోట రావలసిన మాట అది.

"పూజారి లేనివేళ" అన్న మాట దగ్గర నేను ఇన్నేళ్ల తరువాత కూడా ఆగిపోతాను. గుడిలో అడుగుపెట్టనివ్వని మనిషికి గుడిలో ఎప్పుడు ఎవరుంటారో, ఎప్పుడు ఎవరుండరో తెలుసు. బయట నిలబడి ఎంతకాలం చూశాడో మనకు చెప్పకుండానే తెలిసిపోయింది. తనకు జరిగిన అవమానం గబ్బిలానికి జరగకూడదని దానికి కూడా జాగ్రత్త చెబుతున్నాడు. ఇంత చెబుతూనే ఆ ప్రాణిని "ఖగరాజ్ఞి" అని గౌరవంగా పిలుస్తున్నాడు. తనను ఎవరూ గౌరవించని లోకంలో, ఎవరూ గౌరవించని ప్రాణిని రాణి అని పిలిచిన మనిషి హృదయం ఎటువంటిదో ఆలోచించు. ఈ నాలుగు పాదాలు పైకి గబ్బిలాన్ని గురించినవే గాని, చదివిన తరువాత మనసులో నిలబడేది గుడి బయటి మనిషి.

ఇక కవి అంత ఆలోచించాడా అన్నదానికి వద్దాం. కవి మనసులోకి వెళ్లి చూడడం మన పని కాదు. పద్యంలో ఉన్న మాటలు ఉన్నాయి, లేని మాటలు లేవు. "పూజారి లేనివేళ" అన్నది అచ్చులో ఉంది కాబట్టి దాన్ని గురించి నేను మాట్లాడతాను. ఒక విద్యార్థి ఒకప్పుడు గబ్బిలం నల్లరంగు అజ్ఞానానికి ప్రతీక అని రాశాడు. ఆ అర్థానికి ఈ పద్యంలో ఏ ఆధారమూ లేదు, పైగా గబ్బిలం మీద కవికి ఉన్న ఆదరానికి అది విరుద్ధం. అటువంటిదే లేనిపోని అర్థం. మీ అధ్యాపకులు గంటసేపు చెప్పినది పద్యంలోని మాటలను పట్టుకొని చెప్పి ఉంటే, ఆ గంట చాలక మిగిలినది ఇంకా ఉంటుందని నా నమ్మకం.

ప్రశ్న: "కన్యాశుల్కం"లో గిరీశం మోసగాడని తెలిసినా నాకు అతడంటే ఇష్టం కలుగుతుంది. పరీక్షలో అలా రాయవచ్చా?
– విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: తప్పకుండా రాయవచ్చు, కారణం చెబితే చాలు. గిరీశం నాటకం మొదట్లో ఒంటరిగా ఉన్నప్పుడు, పూటకూళ్లమ్మకు సామాను కొనిపెడతానని తీసుకున్న ఇరవై రూపాయలు వేరే విధంగా ఖర్చుపెట్టిన సంగతి తానే ఒప్పుకుంటాడు. శిష్యుడు వెంకటేశం ఎదుట మాత్రం తనతో మాట్లాడడమే ఒక ఎడ్యుకేషన్ అంటాడు. ఒంటరిగా ఉన్నప్పటి మాటను, ఇతరుల ఎదుట ఉన్నప్పటి మాటను పక్కపక్కన పెట్టి చూపించు. అతడి భాష మనలను ఎలా ఆకర్షిస్తుందో, అదే భాష వెంకటేశాన్నీ బుచ్చమ్మనూ ఎలా వలలో వేసుకుందో రాయి. నువ్వు కూడా ఆ మాటలకు లొంగావంటే గురజాడ వారు ఆ పాత్రను ఎంత శక్తితో నిలబెట్టారో నీ అనుభవమే చెబుతున్నది.

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటున్నాం. తొమ్మిదేళ్ల మా అబ్బాయి వారాంతపు తెలుగు బడికి వెళతాడు. "ఉప్పు కప్పురంబు నొక్కపోలిక నుండు" అన్న వేమన పద్యం నేర్పారు. వాడు గడగడా చెబుతాడు గానీ, "ఉప్పుకూ మంచివాళ్లకూ ఏమిటి సంబంధం" అని అడుగుతాడు. ఎలా చెప్పను?
– ఒక తల్లి, టెక్సాస్

జవాబు: అమ్మా, మీ అబ్బాయి సరైన ప్రశ్నే అడిగాడు. ఉపమానంగా వచ్చిన వస్తువు పరిచయం లేని పిల్లలకు తాత్పర్యం ఎన్నిసార్లు చెప్పినా అది గాలిలోనే ఉంటుంది. రెండు చిన్న గిన్నెలలో ఒకదానిలో కల్లుప్పు పొడి, ఇంకొకదానిలో కర్పూరం పొడి పెట్టి, దూరం నుంచి చూసి ఏది ఏదో చెప్పమనండి. వాడు తడబడతాడు. తరువాత దగ్గరికి వచ్చి వాసన చూడమనండి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. హారతికి వాడే కర్పూరం విషపూరితం, కాబట్టి దాన్ని ఏ పరిస్థితిలోనూ పిల్లవాడి నోటికి అందనివ్వకండి, ఆ పని అయిపోగానే తీసి భద్రపరచండి.

ఆ తరువాత "చూడచూడ రుచుల జాడ వేరు" అన్న పాదం వాడి చేతనే చదివించండి. "చూడచూడ" అని రెండుసార్లు ఎందుకు అన్నాడో అడగండి. ఒకసారి చూస్తే రెండూ ఒకటే, మళ్లీ మళ్లీ చూస్తే వేరు. మనుషులు కూడా అంతేనని వేమన తరువాతి పాదంలో చెబుతున్నాడు. వాడి తరగతిలో మొదట అందరిలాగే అనిపించి, కొన్నాళ్లకు చాలా మంచివాడని తెలిసిన స్నేహితుడు ఎవరైనా ఉన్నారా అని అడిగి, ఆ సంగతి తెలుగులో నాలుగు వాక్యాలు చెప్పించండి. పద్యం అప్పుడు వాడి సొంతమవుతుంది.

ప్రశ్న: గురజాడ "దిద్దుబాటు" కథలో కమలిని పాత్రను గురించి రాయమని మాకు ఇచ్చారు. కానీ కమలిని కథలో ఎక్కడా కనిపించనే కనిపించదు. ఆమె ఎలా ఉంటుందో రచయిత చెప్పలేదు. గోపాలరావు గురించి రెండు పేజీలు రాయగలను గాని, కనిపించని మనిషి గురించి ఏం రాయాలి?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, విజయనగరం

జవాబు: బాబూ, 1910లో వచ్చిన ఈ చిన్న కథ ఆ పనికోసమే రాసినట్టుంటుంది. మనిషి కనిపించకుండానే పాత్రను ఎలా నిలబెట్టవచ్చో గురజాడ చూపించారు. కమలిని మనకు మూడు చోట్ల దొరుకుతుంది. మొదటిది, ఆమె లేని గది. అర్ధరాత్రి దాటి ఇంటికి వచ్చిన గోపాలరావు "తలుపు! తలుపు!" అని పిలిచినా పలికేవారు లేరు. లోపలికి వెళ్లి అగ్గిపుల్ల వెలిగించి చూస్తే మంచం మీద ఆమె లేదు. ఆ పుల్ల ఆరిపోగానే గదిలోనూ అతడి మనసులోనూ చీకటి కమ్మిందంటారు రచయిత. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో దీపం ఎవరో అతడికి ఆ క్షణాన తెలిసింది. ఆమె గుణగణాలను రచయిత పొగడలేదు, ఆమె లేకపోతే ఇల్లు ఎలా ఉంటుందో చూపించారు.

రెండోది ఉత్తరం. ఎప్పుడూ "ప్రియా" అని రాసే భార్య ఈసారి "మహాశయా" అని మొదలుపెట్టింది. ఆ ఒక్క సంబోధన చూసి గోపాలరావు ఎంత కలవరపడ్డాడో గమనించు. లోపల తిట్టు లేదు, ఏడుపు లేదు. పది రోజులుగా రాత్రులు ఇంట్లో ఉండడం లేదనీ, లోకహితం కోసం మీటింగులకు వెళుతున్నామన్నారనీ, నిజం తన చెలుల వలన తెలిసిందనీ మర్యాదగా రాసింది. అతడు చెప్పిన అబద్ధాన్ని అతడి మాటలతోనే తిరిగి అప్పగించింది. ఆమె ఎంత తెలివైనదో, ఎంత నిబ్బరం గలదో, ఎంత నొచ్చుకుందో ఆ మర్యాదలోనే ఉంది. ఆడవాళ్లు చదువుకుంటే ఏమవుతుందని నౌకరు రాముడు దీర్ఘాలు తీస్తాడు కదా, ఆ మాట పక్కన ఈ ఉత్తరాన్ని పెట్టి చదువు. చదువుకున్న ఆడమనిషి ఏం చేయగలదో ఆ ఉత్తరమే జవాబు చెబుతున్నది.

మూడోది చివరి వాక్యం. గోపాలరావు పశ్చాత్తాపపడుతూ భార్య గొప్పతనాన్ని నౌకరుకు చెప్పుకుంటుండగా, మంచం కిందనుంచి కలకల నవ్వు, దానితో పాటు చేతి గాజుల సవ్వడి వినిపిస్తాయి. ఆమె ఇల్లు విడిచి వెళ్లనే లేదు. ఆ చీకటిలో ఊపిరి బిగబట్టి అంతా విన్నది. ఆ నవ్వు లేకపోతే ఆమె భర్తను శిక్షించిన మనిషి. ఆ నవ్వు ఉంది కాబట్టి భర్తను దిద్దుకొన్న మనిషి. కథకు పెట్టిన పేరు కూడా అదే కదా.

నీ వ్యాసాన్ని "కమలిని గోపాలరావు భార్య, విద్యావంతురాలు" అని మొదలుపెట్టవద్దు. కథను ఒకసారి పైకి చదివి, పుస్తకం మూసి, నీకు వినబడుతున్నది ఏమిటో గమనించు. గాజుల చప్పుడు వినబడితే ఆ చప్పుడుతోనే మొదటి వాక్యం రాసి, అక్కడినుంచి వెనక్కి, ఉత్తరం మీదుగా, ఆ ఖాళీ మంచం దాకా వెళ్లు.